చెప్పిన పాపమే మళ్ళీ మళ్ళీ



పాపసంకీర్తనం ముగిసింది. గురువు పాపవిమోచనం పలికారు. దేవాలయపు మెట్లు దిగకముందే గుండెలో గుబులు: "అన్నీ సరిగా చెప్పానా? ఏదైనా దాచానా?" వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పుకుంటే కాసేపు హాయి. రాత్రికి మరో అనుమానం. జపమాలలో ధ్యానం చెదిరిందని మొదటి పూస నుండి మళ్ళీ ప్రారంభం. ఇలా లోలోపల నలిగిపోయే వారు మన విచారణలలో లేకపోలేదు.

యేసుసభ స్థాపకులైన పునీత లొయోలా ఇన్నాసివారికీ ఈ బాధ తప్పలేదు. 1522లో స్పెయిన్ దేశంలోని మోన్‌సెరాత్ మఠంలో తమ పాపాలన్నీ వ్రాసుకొని, మూడు రోజులపాటు పాపసంకీర్తనం చేశారు. అయినా సమీపంలోని మన్రేసా పట్టణంలో అవే పాపాలు ఆయనను వెంటాడాయి. మళ్ళీ మళ్ళీ ఒప్పుకొన్నారు. ఆదివారం నుండి ఆదివారం దాకా పస్తున్నారు. ప్రాణం తీసుకోవాలన్న శోధన కూడా కలిగింది. చివరకు, ఒకసారి ఒప్పుకొన్న పాత పాపాలను ఇక ఒప్పుకోనని నిర్ణయించుకొన్నారు. అప్పుడు విడుదల పొందారు.

గమనించండి: అనుమానం తీరేదాకా ఆయన ఆగలేదు. ముందు పని మానారు. తరువాత అనుమానం పోయింది.

నేటి మనోవైద్యులు దీనిని ఓసీడీ అనే జబ్బులో ఒక రూపంగా గుర్తిస్తారు. అనుమానం చెప్పిన పని చేసిన ప్రతిసారీ దానికి మేత వేసినట్లే. చేయకుండా ఓర్చుకుంటే భయం మొదట పెరుగుతుంది, పిదప మెల్లగా తగ్గుతుంది. ఈ సాధన వారి చికిత్సలో ముఖ్యభాగం.

కనుక ఒకే గురువును ఆశ్రయించండి. ఆయన "చాలు" అంటే చాలు. ధ్యానం చెదిరినా జపమాలలో ముందు పూసకే వెళ్ళండి. మళ్ళీ చెప్పాలనిపిస్తే ఈ రోజుకు వాయిదా వేయండి, రేపు ఇంకొక రోజు. ఇంటివారు కూడా అడిగినప్పుడల్లా "ఏం కాదులే" అని బుజ్జగించడం ప్రేమతోనే తగ్గించాలి. నిద్రాహారాలు చెడితే, చావాలనే తలంపు వస్తే, ఆలస్యం చేయక మనోవైద్యుని కలవండి. ఇది జబ్బే గాని విశ్వాసలోపం కాదు.

తప్పిపోయిన కుమారుడు చెప్పవలసిన మాటలు ముందే కూర్చుకొని వచ్చాడు. అవి పూర్తికాకమునుపే తండ్రి విందుకు ఆజ్ఞాపించాడు. మన తండ్రీ అట్టివాడే. లోపలికి రండి, విందుకు కూర్చోండి.

ప్రభుని శాంతి మీ హృదయాలలో నెలకొనును గాక! ఆమెన్.