భయానికి పొరుగింటి చిరునామా

ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక కుర్రవాడు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. డిగ్రీ చదువుతున్నాడు. చేతిలో అట్ట నలిగిన నవల ఉంది. "ఫాదర్ గారూ, దయ్యాల కథలు చదవటం పాపమా?" అని అడిగాడు. వాళ్లమ్మగారు ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టబోతే లాక్కొని వచ్చాడట.

అతను మంచి పాఠకుడు. పాత నవలలూ కొత్తవీ చదివాడు, ఈమధ్య వచ్చిన చేతబడి సినిమాలన్నీ చూశాడు. అతని అభిప్రాయం ఇది: "కథ కథేనండి. తీర్థంలో రంగులరాట్నం ఎక్కితే కడుపులో తిప్పుతుంది. దిగి ఇంటికి పోతాం. ఇదీ అంతే." వాళ్లమ్మగారి అభిప్రాయం వేరు. చేతబడి పుస్తకం ఇంట్లో ఉంటే సాతానుకు పీట వేసినట్టేనట. 'ఎక్సార్సిస్ట్' మాత్రం ఫరవాలేదట, అందులో గెలిచేది మన గురువులు కదా!

ప్రియ పాఠకులారా, జవాబు చెప్పేముందు నా సంగతి ఒప్పుకోవాలి. నేనూ ఆ నవలలు చదివినవాడినే. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' సీరియల్‌గా వచ్చింది. రాసిన యండమూరి వీరేంద్రనాథ్ గారు మన రాజోలులో పుట్టినవారే. చిన్నపిల్ల తులసి మీద జరిగే చేతబడి ఆ కథ. తరువాత అద్దె పుస్తకాల షాపులో ఆ నవల తెచ్చుకుని చదివాను. రాత్రిపూట కొబ్బరితోటలోంచి పెరట్లోకి వెళ్లాలంటే తమ్ముణ్ణి లేపి తోడు తీసుకెళ్లేవాణ్ణి. మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ గారు ఆ నవలను తీవ్రంగా విమర్శించారు. జనం మాత్రం చదువుతూనే ఉన్నారు.

భయపడటానికి డబ్బిచ్చి మరీ పుస్తకం ఎందుకు తెచ్చుకుంటాం? ఈ ప్రశ్న కొత్తది కాదు. తనకు జరగాలని ఎవరూ కోరుకోని దుఃఖాన్ని నాటకంలో చూసి మనిషి ఎందుకు ఆనందిస్తాడని పునీత అగస్టీను వారు తమ ఆత్మకథలో తమనే నిలదీసుకున్నారు. అంతకు ఏడు వందల ఏళ్ల ముందే అరిస్టాటిల్ దీనికొక జవాబు చెప్పాడు: రంగస్థలం మీది జాలి, భయం మనలోని జాలినీ భయాన్నీ కడిగి పంపుతాయని. ఈ లెక్కన రంగులరాట్నం ఉపమానం తప్పు కాదు. దిగివచ్చే దారి ఉన్నంతవరకూ భయం ఒక ఆటే.

1947లో మొదలైన 'చందమామ'లో శవంలోని బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద కూర్చుని కథలు చెప్పాడు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లలో మాంత్రికులూ రాక్షసులూ నెలనెలా వచ్చిపోయారు. అవి చదివి పిల్లలెవరూ చెడిపోలేదు. 'హారీ పోటర్' వచ్చినప్పుడు పిల్లలు మంత్రగాళ్లైపోతారని కొందరు బెంగపడ్డారు. రావులపాలెంలో చీపురెక్కి ఎగరబోయిన పిల్లవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆ కథల్లో మాంత్రికుడి ఊరు మన ఊరు కాదు. పుస్తకం మూస్తే వాడు లోపలే ఉండిపోతాడు.

చేతబడి కథ అలా కాదు. అందులోది మన ఊరు, మన వీధి, మన పక్కిల్లు. 2023లో వచ్చిన 'విరూపాక్ష' సినిమా చేతబడి చేశారన్న అనుమానంతో ఊరివాళ్లు దంపతులను తగలబెట్టటంతో మొదలవుతుంది. కథలో క్షుద్రశక్తి నిజంగానే పని చేస్తుంది. అది కథకు అవసరం కావచ్చు. కాని ఇదే అనుమానంతో మన తెలుగు నేల మీద నిజంగానే మనుషులను కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, చంపారు. వాళ్ల విషయంలో క్షుద్రశక్తి ఏదీ లేదు. పొరుగువాళ్లే ఉన్నారు.

వేలెత్తి చూపేముందు మన ఇల్లు చూసుకోవాలి. 1480లలో క్రామర్ అనే దోమినికన్ సభ గురువు మంత్రగత్తెలను ఎలా పట్టాలో, ఎలా విచారించాలో చెబుతూ ఒక గ్రంథం రాశాడు. వడగళ్లు కురిపించారనీ, పసిపిల్లలను చంపారనీ స్త్రీల మీద మోపే నేరాలన్నీ అందులో ఉన్నాయి. కథలుగా కాదు, రుజువైన సత్యాలుగా! 1631లో ఫ్రీడ్రిక్ స్పే అనే యేసు సభ గురువు పేరు పెట్టుకోకుండా దానికి ఎదురు పుస్తకం రాశాడు. శిక్షపడిన ఆ స్త్రీల పాపోచ్చారణలు విన్నవాడాయన. చిత్రహింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు, న్యాయమూర్తులైనా సరే అన్నాడు. ఇద్దరూ గురువులే. కాబట్టి 'మనవాళ్లు గెలిచే కథ మంచిది' అన్న కొలత చాలదు.

నా కొలత ఎక్కడ దొరికిందో చెబుతాను. 1990ల చివర నేను సహాయ గురువుగా ఉన్న రోజులు. గోదావరి లంకలో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు నురగలు కక్కుతూ పడిపోయేవాడు. పక్కింట్లో ఒక ఒంటరి మామ్మగారు. ఆమె ఇచ్చిన పనసతొన తిన్న రోజే మొదటిసారి పడ్డాడని ఇంట్లోవాళ్లు అన్నారు. నేను స్టోలు వేసుకుని, పవిత్ర జలం పట్టుకుని వెళ్లాను. ప్రార్థించాను, నాలుగు మూలలా చల్లాను. అప్పుడు ఎవరో అన్నారు, "ఆ పక్క గోడ వైపు కూడా చల్లండి ఫాదర్ గారూ." చల్లాను.

తరువాత పెద్దాసుపత్రిలో మూర్ఛరోగమని చెప్పి మాత్రలిచ్చారు. పిల్లవాడు నిమ్మళించాడు. ఊరు మాత్రం ఫాదర్ గారు చల్లిన నీళ్ల మహిమ అనుకుంది. ఆ మామ్మగారి చేతి మంచినీళ్లు మళ్లీ ఎవరూ తాగలేదు. ఊరు విడిచి చెల్లెలింటికి వెళ్లిపోయే ముందు గుడికి వచ్చింది. నన్ను తిట్టలేదు. "ఆ రోజు నీళ్లు మా వసారాలో కూడా పడ్డాయండి" అంది, అంతే. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. గోడ వైపు చెయ్యి విదిల్చాను. ఊరికి ఆ కథ చాలింది.

1999లో శ్రీసభ సవరించిన భూతోచ్చాటన విధి, రోగాన్ని చూసి దయ్యమని తొందరపడి నమ్మవద్దని గురువునే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఎందుకో నాకు బాగా తెలుసు.

మాంత్రికమూ తాయెత్తులూ మొదటి ఆజ్ఞకు విరుద్ధమని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతోంది. అమ్మగారు చెప్పిన దాంట్లో ఆ మేరకు నిజముంది. అయితే చదవటం వేరు, చేయటం వేరు. ఈ కథల విషయంలో నా దిగులంతా ఎనిమిదవ ఆజ్ఞ గురించి, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం గురించి. పుస్తకం మూశాక మన వీధిలో ఒక మనిషి మనకు ఇంతకుముందులా కనిపించకపోతే, ఆ కథ మన చేత అబద్ధ సాక్ష్యం చెప్పించినట్టే. అలా జరగకపోతే హాయిగా చదువుకోవచ్చు.

కుర్రవాడికి ఇదే చెప్పి పంపాను. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. వాళ్ల వీధి చివర ఒకావిడ ఉందట. చిన్నప్పటినుంచీ ఆమె ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళతాడట. "అది ఏ నవల్లోనూ చదవలేదు ఫాదర్ గారూ. అమ్మే చెప్పింది" అన్నాడు.

ఈ వారం ఆ దారినే వెళ్లమన్నాను. వాళ్లమ్మగారిని కూడా తోడు తీసుకెళ్లమన్నాను.