“నా ఇష్టం” అనే మాటలో ఎంత నిజం?



“నా డబ్బు, నా ఒళ్ళు, నా ఇష్టం. మధ్యలో నీకేంటమ్మా?” తాగొచ్చిన కొడుకును మందలించిన తల్లికి సాధారణంగా దొరికే జవాబు ఇది. దీన్ని కోపంతో కొట్టిపారేయకండి. ఇందులో ఆలోచించదగిన ప్రశ్న ఉంది. ఇష్టప్రకారం తాగేవాడు నిజంగా స్వతంత్రుడేనా?

1937 వేసవిలో మన కొత్తపట్నంలో యువకుల కోసం రాజకీయ పాఠశాల ఏర్పాటు చేస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ యువకులు కోరుకున్నది స్వరాజ్యం. అంటే తనను తాను పాలించుకోవడం. ఆ మాట దేశానికెంత అవసరమో మనిషికీ అంతే అవసరం.

మరి మన పిల్లలు మత్తుకు ఎందుకు లోబడుతున్నారు? ఒంగోలులోనో గుంటూరులోనో హాస్టల్లో చేరిన కుర్రవాడు స్నేహితులు ఎగతాళి చేస్తారని మొదటి గ్లాసు అందుకుంటాడు. చదువయ్యాక ఉద్యోగం దొరకనివాడు దిగులు మరచిపోవాలనుకుంటాడు. వేట నుండి వచ్చినవాడు ఒళ్ళు నొప్పులంటాడు. గంజాయి ఆకే గదా, మందు కన్నా నయమే అంటాడు మరొకడు. పెళ్ళికీ చావుకీ తండ్రి తాగడం చూసిన పిల్లవాడికి వేరే గురువు అక్కరలేదు. ఈ కారణాలను మనం అర్థం చేసుకోవాలి. కాని కారణం వేరు, సమర్థన వేరు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దురలవాటును విసిరిన రాయితో పోల్చాడు. చేయి దాటిన రాయిని వెనక్కి పిలవలేము. అయినా విసరడం, విసరకపోవడం మన చేతిలోనే ఉండింది. నిగ్రహాన్నీ ముందుచూపునూ నడిపే మెదడు భాగం దాదాపు 25 ఏళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుందని వైద్యులంటారు. ఆ వయసులో గంజాయి జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది, కొందరికి మతి చలించే ప్రమాదం కూడా ఉంది. మద్యం కాలేయాన్ని తినేస్తుంది. అన్నిటికన్నా ముందు “వద్దు” అనగలిగే శక్తిని హరిస్తుంది.

2020లో కరోనా ఆంక్షల వల్ల మద్యం దుకాణాలు మూతపడినప్పుడు, దర్శి దగ్గరి కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళు తమ ఇష్టంతో తాగారనగలమా? యజమాని ఆజ్ఞాపించాడు, బానిస తాగాడు.

“కానాపల్లెలో ప్రభువు నీటిని ద్రాక్షారసంగా మార్చలేదా?” అని కొందరు అడుగుతారు. నిజమే, శ్రీసభ ద్రాక్షారసాన్ని చెడ్డదనలేదు. కాని అనుమతి ఉన్నదైనా సరే, దేనికీ తాను దాసుణ్ణి కానని పునీత పౌలు కొరింతీయులకు స్పష్టం చేశాడు. అలవాటుకు బందీ అయినవాడి బాధ్యత కొంత తగ్గుతుందనీ శ్రీసభ బోధిస్తుంది. కనుక వాణ్ణి అసహ్యించుకోకండి. అయితే సాయం కోరవలసిన బాధ్యత మాత్రం వాడికి మిగిలే ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకుని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో రాష్ట్రంలో సారాను, 1995లో మద్యాన్నంతా నిషేధించారు. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంటి నియమం మన చేతిలోనే ఉంది.

తండ్రులారా, సీసా తెమ్మని పిల్లవాణ్ణి దుకాణానికి పంపకండి. జ్ఞానస్నానం విందులో, పెళ్ళి విందులో మందు పోయకండి. యువకులారా, మీ “నా ఇష్టం” నిజమైతే తపస్సుకాలం 40 రోజులు మానిచూడండి. మానలేకపోతే అది ఇష్టం కాదని మీకే తెలుస్తుంది. అప్పుడు సిగ్గుపడక డాక్టరు దగ్గరకు వెళ్ళండి. రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు గనుక, అటువంటివాడు మొదటే వైద్యుణ్ణి అడగాలి. సాయం అడగడం అవమానం కాదు. పోయిన స్వరాజ్యాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అదే మొదటి మెట్టు.