'మావాడు' – 'మనవాడు': క్రీడావీరుల ఆకస్మిక మరణం, లోకశోకం, నైతిక ఋణం

ఉపోద్ఘాతం

పేరుగాంచిన క్రీడాకారుడు అకస్మాత్తుగా మరణించినప్పుడు, అతనిని ఏనాడూ ముఖాముఖిగా చూడనివారు కూడా సొంతమనిషిని పోగొట్టుకున్నట్లు దుఃఖిస్తారు. ఈ దుఃఖం గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇది గుంపు మనస్తత్వం వల్ల పుట్టిన క్షణికావేశమనీ, మరునాటికి మరుగున పడుతుందనీ కొందరు భావిస్తారు. ఇది ప్రజల కృతజ్ఞతకు నిదర్శనమనీ, దీనిని ప్రశ్నించడమే అనుచితమనీ మరికొందరు అంటారు. ఈ రెండు అభిప్రాయాలూ ఒక ప్రశ్నను వదిలివేస్తున్నాయి. ఆ దుఃఖం నిజమైనదే అయితే, దుఃఖించినవారిపై అది ఏ బాధ్యతను మోపుతుంది?

పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు మరణానికి 2015లో తెలుగు సమాజం స్పందించిన తీరును ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు కావలసిన కొలమానాలను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం సమకూరుస్తుంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో వీరమరణాన్ని స్మరించే ప్రాచీన రూపాలు అనేకం ఉన్నాయి. స్మరణకు నోచుకోని మరణాలూ అక్కడే ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకచోట చూడగలగడం వల్ల లోకశోకానికి ఉన్న బలం, పరిమితి స్పష్టమవుతాయి.

ఆండీస్ నుండి గాంధీజనసంఘానికి

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామంలో 1974లో జన్మించిన మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలోనూ, తరువాత జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తాలలోని ఉన్నత విద్యాసంస్థలలోనూ చదివాడు. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులో 6,700 మీటర్లకు పైబడిన ఒక శిఖరంపై ఒంటరిగా ఉండగా అతనితో సంబంధాలు తెగిపోయాయి. ఏప్రిల్ మొదటివారంలో మృతదేహం కనుగొనబడింది. ఆ నెలాఖరులో స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఈ నెలరోజుల వ్యవధిలో ప్రజల స్పందన మూడు దశలుగా సాగింది. మొదటిది నిరీక్షణ. దేశవిదేశాలలోని మిత్రులు, సహాధ్యాయులు గాలింపు ఆగకుండా చూడాలని ప్రభుత్వాలను అభ్యర్థించారు. రెండవది దుఃఖం. మూడవది గర్వంతో కూడిన స్మరణ. అయితే ఇక్కడొక విషయం గమనార్హం. తెలుగువారిలో చాలామందికి మస్తాన్‌బాబు పేరు తెలిసింది అతడు కనిపించకుండా పోయిన తరువాతనే. ఏడు ఖండాల శిఖరాలను ఎక్కినప్పుడు లభించని ఆత్మీయత, ఎనిమిదేళ్లకు పైబడిన తరువాత, మరణవార్తతో లభించింది. దీనినిబట్టి ఆ దుఃఖాన్ని కృత్రిమమని తోసిపుచ్చడం సులభమే. కాని ఆలస్యంగా తెలియడం వేరు, కపటంగా దుఃఖించడం వేరు. ఆలస్యంగా తెలిసిన గొప్పతనానికి చింతించడంలో పశ్చాత్తాపం కూడా కలిసి ఉంటుంది. ఆ పశ్చాత్తాపం ఎటు దారితీసిందన్నదే అసలు ప్రశ్న.

'మా', 'మన': దుఃఖంపై హక్కు

ఈ సందర్భంలో తెలుగుభాష ఒక సూక్ష్మభేదాన్ని అందిస్తుంది. ఉత్తమపురుష బహువచనంలో వినేవానిని మినహాయించే 'మేము', వినేవానిని కలుపుకొనే 'మనము' తెలుగులో వేరువేరు పదాలు. మరణించినవాని తల్లి 'మావాడు' అంటుంది. వీధిలోని మనిషి 'మనవాడు' అంటాడు. మొదటిమాటలో అనుభవానికి చెందిన హక్కు ఉంది. రెండవమాటలో ఆ హక్కులో పాలుపంచుకోవాలన్న కోరిక ఉంది. రెండూ న్యాయమైనవే.

చిక్కు రెండు విధాలుగా వస్తుంది. 'మన' అన్నది మరీ విస్తరించి 'మా'ను మింగివేసినప్పుడు ఆప్తులకు ఏకాంతంగా ఏడ్చే అవకాశం కూడా మిగలదు. శవం చుట్టూ జనం, ఛాయాచిత్రాలు, నాయకుల ప్రసంగాలు కుటుంబాన్ని తన ఇంటిలోనే అతిథిగా మారుస్తాయి. దీనికి భిన్నంగా, కులమో ప్రాంతమో అభిమానసంఘమో కుటుంబం స్థానాన్ని ఆక్రమించి తానే 'మావాడు' అన్నప్పుడు దుఃఖం సరిహద్దు గీతగా మారుతుంది. ఏడవడానికి అర్హులెవరో, అనర్హులెవరో నిర్ణయించే అధికారం గుంపు చేతికి వస్తుంది. అందువల్ల ఆప్తుల 'మా'ను గౌరవిస్తూ, ఎవరినీ వెలివేయని 'మన'ను నిలుపుకోవడం లోకశోకానికి మొదటి ధర్మం.

ఈ ధర్మానికి హిందూపురం సమీపంలోని లేపాక్షి ఒక పురాణోదాహరణను గుర్తుచేస్తుంది. పెనుకొండకు చెందిన విరూపణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో నిర్మింపజేసిన ఆలయం గల ఆ ఊరిపేరును స్థానికులు జటాయువు కథతో ముడిపెట్టి చెబుతారు. వాల్మీకి రామాయణంలో రాముడు జటాయువును తండ్రితో సమానంగా భావించి దహనసంస్కారం చేసి, గోదావరిలో ఉదకం విడిచాడు. జాతి వేరు, రక్తసంబంధం లేదు. ఆ పక్షి తనకోసం చేసిన ప్రయత్నమే బంధుత్వాన్ని సృష్టించింది. ఇక్కడ శోకం కన్నీటితో ముగియలేదు. కొడుకు చేయవలసిన పనిని రాముడు తన చేతులతో చేశాడు. పెనుకొండలోని బాబయ్య దర్గా ఉరుసులోనూ ఈ విశాలత కనిపిస్తుంది. ఉరుసు అంటే సూఫీ సాధువు వర్ధంతి. దానికి మతభేదం లేకుండా జనం వస్తారు. 'మన' అన్న మాటకు అక్కడ హద్దులు లేవు.

శోకమా, కరుణరసమా?

భారతీయ కావ్యశాస్త్రం శోకాన్ని స్థాయిభావంగానూ, కరుణను దాని రసపరిణామంగానూ వివరించింది. సాధారణీకరణం వల్ల ప్రేక్షకుడు పాత్ర దుఃఖాన్ని వ్యక్తిగత ప్రయోజనాలకు అతీతంగా ఆస్వాదిస్తాడు. నాటకశాలలో కూర్చున్నవాడు లేచి వెళ్లి పాత్రను ఆదుకోవలసిన పనిలేదు. ఆ బాధ్యత లేకపోవడమే రసాస్వాదనకు అవకాశం కల్పిస్తుంది.

క్రీడావీరుని మరణం విషయంలో చిక్కు ఇక్కడే ఉంది. ప్రజలు అతనిని జీవితకాలమంతా ప్రేక్షకులుగానే చూశారు. అతని విజయం వారికి వీరరసం, అతని ఓటమి కరుణరసం. ఆ అలవాటు వల్ల అతని మరణాన్ని కూడా ఒక నాటకంలోని చివరి అంకంగా స్వీకరించే ప్రమాదం ఉంది. కన్నీరు వస్తుంది, మనసు తేలికపడుతుంది, తెర పడుతుంది. కాని ఇక్కడ మరణించినది పాత్ర కాదు. వృద్ధురాలైన తల్లి, ఆగిపోయిన సంపాదన, అదే మార్గంలో నడుస్తున్న యువకులు తెర పడిన తరువాత కూడా మిగిలే ఉంటారు. నిజమైన మరణాన్ని రసంగా మాత్రమే అనుభవించడం దుఃఖించినవాని లోపం. ఆ దుఃఖం అబద్ధం కాదు, అసంపూర్ణం.

వీరగల్లు నేర్పే పాఠం

ఈ అసంపూర్ణతను పూరించే ప్రయత్నం ఈ ప్రాంతపు ప్రాచీన సమాజం చేసింది. నొళంబపల్లవుల రాజధానిగా వెలసిన హెంజేరు, అంటే నేటి హేమావతి, మొదలుకొని హిందూపురం, పెనుకొండ పరిసరాల వరకు వీరగల్లులు కనిపిస్తాయి. సాధారణంగా వాటిలో కింది భాగంలో పోరాటం, దానిపైన వీరుని అప్సరసలు కొనిపోవడం, అన్నిటికంటే పైన శివసాన్నిధ్యం చెక్కబడి ఉంటాయి. వీటిలో స్మరింపబడినవారందరూ రాజులు కారు. పశువుల మందను దొంగలనుండి కాపాడబోయి మరణించినవారు, ఊరిపై దాడిని ఎదిరించినవారు అనేకులు ఇందులో ఉన్నారు.

వీరగల్లు సంప్రదాయంలో రాతితోపాటు భూమి కూడా ఉంది. మరణించిన వీరుని కుటుంబానికి భూమిని ఇవ్వడం ఆచారంగా ఉండేది. కన్నడ శాసనాలలో దీనిని 'నెత్తరుకొడగె' అన్నారు. నెత్తురు చిందించినందుకు ఇచ్చిన మాన్యమని దాని భావం. రాయి చనిపోయినవానికి, మాన్యం బతికున్నవారికి. రాతిని నిలిపి మాన్యం ఇవ్వకపోతే ఆ ఊరు తన ఋణాన్ని సగమే తీర్చినట్లవుతుంది. వర్తమాన లోకశోకాన్ని పరీక్షించడానికి ఇది తగిన గీటురాయి. విగ్రహం, వీధిపేరు, సంతాపసభ నేటి వీరగల్లులు. నేటి మాన్యం ఏది?

స్మారకం: ప్రేరణ, ప్రమాదం

ఈ ప్రశ్నకు సమాధానం వెదికేముందు ఒక ఆక్షేపణను ఎదుర్కోవాలి. వీరమరణాన్ని కీర్తించడం మరికొందరిని మరణంవైపు పిలవడం కాదా? మస్తాన్‌బాబు జీవితమే ఈ ఆక్షేపణకు బలం చేకూరుస్తుంది. కోరుకొండ పాఠశాల పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించాడు. అతని స్మృతియే బాలుడైన మస్తాన్‌బాబును పర్వతాలవైపు నడిపించింది. ఒక పర్వతారోహకుని స్మారకం మరొక పర్వతారోహకుని సృష్టించింది. ఆ రెండవవాడు కూడా పర్వతంపైనే మరణించాడు.

ఇటువంటి మరణం సంభవించినప్పుడు కీర్తితోపాటు నింద కూడా పుడుతుంది. 'ఒంటరిగా ఎందుకు వెళ్లాలి?' అన్న ప్రశ్న సాధారణంగా జాగ్రత్తను బోధించడం కోసం పుట్టదు. ఆ మరణం తమను తాకదన్న ధైర్యాన్ని తమకు తాము చెప్పుకోవడానికి పుడుతుంది. తప్పు అతనిదైతే లోకం సురక్షితంగానే ఉన్నట్లు. దీనికి భిన్నంగా కేవలం కీర్తి, ప్రమాదాన్ని ఘనతగా మార్చి, తరువాతి యువకుని కళ్లకు గంతలు కడుతుంది. నిందలోనూ కీర్తిలోనూ లోపించినది ఒక్కటే. తరువాతివాడు ప్రాణాలతో తిరిగిరావడానికి ఏమి చేయాలన్న ఆలోచన రెండింటిలోనూ లేదు. స్మారకాన్ని తొలగించడం ఈ ఆక్షేపణకు పరిష్కారం కాదు. దానితోపాటు శిక్షణను, సాధనసామగ్రిని, ఆపత్కాల సహాయాన్ని అందించాలి.

శోకం మాన్యంగా మారిన సందర్భాలు

ఆస్ట్రేలియా క్రికెట్ ఆటగాడు ఫిలిప్ హ్యూస్ 2014 నవంబరు 25న సిడ్నీ మైదానంలో బంతి మెడకు తగిలి కుప్పకూలి, రెండురోజుల తరువాత మరణించాడు. అతని వయస్సు 25 ఏళ్లు. ఎన్నో దేశాలలో ప్రజలు తమ ఇళ్ల గుమ్మాలముందు బ్యాట్లను నిలబెట్టి నివాళి అర్పించారు. బంతి వేసిన యువకుని నిందించక, అతనికి బాసటగా నిలిచారు. 2016లో ముగిసిన న్యాయవిచారణ ఎవరినీ దోషిగా ఎంచక, మెడరక్షణ సామగ్రిని మెరుగుపరచాలని సూచించింది. 2023 నాటికి ఆ దేశపు ఉన్నతస్థాయి క్రికెట్‌లో వేగవంతమైన బౌలింగ్‌ను ఎదుర్కొనే ఆటగాళ్లకు మెడరక్షణ తప్పనిసరి అయింది. ఇక్కడ గుమ్మంముందరి బ్యాటు వీరగల్లు అయితే, మెడరక్షణ నియమం మాన్యం.

రెండవ ఉదాహరణ క్రీడారంగానికి చెందినది కాకపోయినా, స్పందనలోని పోలికవల్ల ప్రస్తావనార్హం. హిందూపురానికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వైద్యానికీ, ఉపాధికీ ఇక్కడివారు ఆ నగరానికి వెళ్లడం పరిపాటి. 2006 ఏప్రిల్‌లో నటుడు రాజ్‌కుమార్ మరణించినప్పుడు ఆ నగరంలో దుఃఖం హింసగా మారి ప్రాణనష్టం జరిగింది. 2021 అక్టోబరు 29న అతని కుమారుడు పునీత్ 46 ఏళ్ల వయస్సులో హఠాత్తుగా మరణించాడు. వ్యాయామంతో తీర్చిదిద్దుకున్న దేహం గలవాడుగా పేరుపొందిన అతని మరణం ప్రజలను భయపెట్టింది. హృదయ పరీక్షలకోసం ఆసుపత్రుల వద్ద జనం బారులు తీరారు. అదే సమయంలో అతని నేత్రదానం స్ఫూర్తితో ఎందరో నేత్రదానానికి ముందుకు వచ్చారు. ఒకే నగరం, ఒకే కుటుంబం, అయినా శోకం రెండు విధాలుగా ప్రవర్తించింది. దుఃఖపు తీవ్రత దాని విలువను నిర్ణయించదనీ, అది చేసిన పని నిర్ణయిస్తుందనీ దీనివల్ల అవగతమవుతుంది.

ధర్మవరం మగ్గం ముందు

లోకశోకంపై అత్యంత బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. అది అందరికీ సమానంగా లభించదు. ధర్మవరం పట్టుచీరల నేతలో మగ్గం గుంతలో కూర్చొని, చేతిని, కాలిని, కంటిని ఒకే లయలో నిలిపి గంటలతరబడి పనిచేసే మనిషి శరీరసాధన క్రీడాకారుని సాధనకంటె తక్కువది కాదు. అప్పులభారం మోయలేక నేతకార్మికులు ప్రాణాలు తీసుకున్న వార్తలు ధర్మవరం నుండి ఏళ్లతరబడి వస్తూనే ఉన్నాయి. ఆ మరణాలకు గుమ్మంముందు ఎవరూ ఏదీ నిలబెట్టలేదు. 'మన ధర్మవరం పట్టు' అని చీరను గర్వంగా 'మన' అనే సమాజం, దానిని నేసినవాని మరణాన్ని మాత్రం అతని కుటుంబపు 'మా'కే వదిలివేసింది.

ఈ అసమానత వల్ల క్రీడావీరునికోసం ఏడవడం తప్పవుతుందా? కాదు. మనిషి హృదయం తెలిసిన ముఖంతోనే దుఃఖాన్ని నేర్చుకుంటుంది. అక్కడే ఆగిపోవడం తప్పు. మహాభారత స్త్రీపర్వంలో గాంధారి తన కుమారులకోసమే కాక, శత్రుపక్షానికి చెందిన అభిమన్యుని కోసం కూడా విలపించింది. ఆ తరువాత ధర్మరాజు ఆజ్ఞతో జరిగిన దహనాలలో ప్రఖ్యాత వీరులతోపాటు, నానాదేశాలనుండి వచ్చి దిక్కులేక పడి ఉన్నవారికి కూడా విదురుడు సంస్కారం చేయించాడు. పేరున్నవారిపట్ల శోకం పేరులేనివారిపట్ల కర్తవ్యాన్ని మరువనివ్వలేదు.

ముగింపు

ప్రసిద్ధ క్రీడాకారుని ఆకస్మిక మరణానికి లోకం దుఃఖించడం కపటం కాదు, అతిశయం కాదు. అతని ప్రయత్నంవల్ల ఆనందాన్ని, ధైర్యాన్ని పొందినవారు అతనికి ఋణపడి ఉన్నారు. ఆ ఋణాన్ని గుర్తించడమే దుఃఖం. ఆప్తుల ఏకాంతాన్ని కాపాడడం, నిందకు బదులు రక్షణను ఆలోచించడం, స్మారకంతోపాటు మిగిలినవారి బ్రతుకుకు ఆధారం కల్పించడం ఆ ఋణాన్ని తీర్చే మార్గాలు. హేమావతి ప్రాంతపు వీరగల్లుల కాలంలో పశువులకాపరి మరణం కూడా ఊరంతటికీ చెందినదే. శిఖరంపై మరణించినవానిని 'మనవాడు' అనడం నేర్చిన సమాజం, మగ్గం గుంతలో కూర్చున్నవానిని అతడు బతికి ఉండగానే ఆ మాటతో పిలవగలిగిననాడు ఆ శోకం సార్థకమవుతుంది.