గుట్టు – పరువు

త్రాగుడు మానదలచినవాడు తన దౌర్బల్యమును నలుగురి యెదుట చెప్పుకొనుట పరువుతక్కువయా, లేక పోయిన పరువు తిరిగి వచ్చుటకు తొలిమెట్టా? పాఠక మహాశయులు ఈ ప్రశ్నను పల్లెయందు నిలిచి ఆలోచింపవలెనని నా ప్రార్థన.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి త్రాగుడు మానియుండియు, కోరిక మరల తలయెత్తగా, తనవంటివానితో మాటాడవలెనని తలచి బాబ్ స్మిత్ అను వైద్యుని కలిసికొనెను. నీతి బోధింపలేదు, తన కథ చెప్పెను. ఆ సంభాషణమునుండి 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సంఘము పుట్టెను. మన దేశమునకు అది 1957లో వచ్చెను. అందు రుసుము లేదు, కులమత విచారణ లేదు. మానవలెనను కోరిక యొక్కటియే అర్హత. 'అనానిమస్' అనగా పేరు వెల్లడింపనివారని యర్థము. అచట వినినది బయట పలుకరాదు.

నగరమున ఈ నియమము సులభము. పల్లెలో పేరు దాగుటెట్లు? సభ జరుగు చోటు దూరపు పట్టణమున నుండును. సాయంకాలపు బస్సెక్కినవానిని కండక్టరు మొదలు టీకొట్టువాని వరకు 'ఎక్కడికి?' అని అడుగువారే. సభ ముగియునప్పటికి తిరుగు బస్సుండదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నా పూర్వశిష్యుడొకడు చీకటిపడిన పిమ్మట మా యింటికి వచ్చి, "సార్, మానలేకపోతున్నాను. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు" అనెను. మరునాడు జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోతిని. బహుకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. కావున వైద్యము మొదట, సభ పిమ్మట. సభ యెచట జరుగునో ఆ వైద్యుడే తెలిపెను. ప్రతి శనివారము అతడు నలువది కిలోమీటర్లు పోయి, బంధువుల యింట పండుకొని, తెల్లవారుజాము బస్సుకు వచ్చుచుండెను. మూడు నెలలు చుక్క ముట్టలేదు.

అంతట నేనే తప్పు చేసితిని. ఒక పెండ్లిపందిటిలో సంతోషము పట్టలేక, "మావాడు సభలకు పోయి త్రాగుడు మానినాడు. చూచి నేర్చుకొనుడు" అని పదిమందిలో అంటిని. ప్రశంసించితిననియే తలచితిని. మరునాటినుండి వీధిలో అతనిని చూచి "సభాపతిగారు వేంచేసినారు" అని నవ్వసాగిరి. అతడు సభకు పోవుట మానెను. నెల తిరుగకమునుపే మరల త్రాగెను. నేను పోయి అడుగగా తలవంచుకొని, "నా సంగతి నేను చెప్పుకుంటే నాకు బలం సార్. మీరు చెబితే అది నా పరువు పోవడమే" అనెను.

నా ప్రశ్నకు సమాధానము ఆ మాటయందే దొరికినది. సత్యమొక్కటియే, పలికిన నోరు మారగనే ఫలము మారినది. స్వయముగా చెప్పుకొన్న దోషము మనిషిని నిలబెట్టును. పరుల నోట పడినచో పడద్రోయును. మంచి మార్పును దృష్టాంతముగా చూపరాదా యని కొందరడుగుదురు. చూపవచ్చును, కాని చూపు హక్కు అతనిదే. పల్లెలో గుట్టు కాపాడవలసినవాడు త్రాగుడు మానువాడు కాడు, చూచిన ఊరు. చూచియు చూడనట్లుండుట అసత్యము కాదు, దయ.

దుకాణములు మూయించిన చాలదా యన్న ప్రశ్నయు కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో కూడి మాటాడుకొని సారాపై లేచిరి. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలెను. శాసనము వచ్చును, పోవును. కలిసి కూర్చుండి చెప్పుకొన్న మాటయే వారికి మొదట బలమిచ్చినది. కల్యాణమున కల్లమ్ము వృత్తివాడైన హెండద మారయ్యకును శరణుల నడుమ చోటు దొరకెను. వచనకారుడుగా అతని పేరు నేటికిని నిలిచియున్నది. చోటిచ్చుటయే మన ధర్మము.

సభ దొరకనివారు 14446 అను ఉచిత దూరవాణి సంఖ్యకు పలికి సలహా పొందవచ్చును. సెల్‌ఫోనుద్వారా జరుగు సభలును నేడు కలవు. త్రాగుడు మానగోరు ఇరువురున్నచో మూతబడిన బడిగదియే సభ కాగలదు. ఏక్రన్‌లో ఉన్నదియు ఇరువురే. భార్యాబిడ్డల కొఱకు 1951లో ఏర్పడిన అల్-అనాన్ అను సంఘము వేరుగ కలదు. మనము చేయగలిగినది స్వల్పము: బస్సు వరకు తోడు పోవుట, రాత్రి పండుకొనుటకు తావిచ్చుట, జారిపడినప్పుడు నవ్వకుండుట, నాలుకను కట్టుకొనుట.

ఒక సంవత్సరము గడచిన పిమ్మట నా శిష్యుడు మరల సభకు పోయెను. ఈసారి ఎవరికిని నేను చెప్పలేదు. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు అతని అనుమతి పొందితిని. పేరు వ్రాయుటకు అడుగలేదు, అడుగను.