ఆగిన బండి, ఆగని యాత్ర



శ్రీశైలయాత్ర మాట వినని బిడ్డ మన ఇండ్లలో ఉండదు. అక్కమహాదేవి కల్యాణమును విడిచి కదళీవనమునకు నడచి వచ్చినది ఆ కొండకే. అల్లమప్రభువు ఐక్యమొందిన చోటని మన పెద్దలు చేతులు జోడించునది ఆ కొండకే. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమను పేర ఒక ప్రకరణమును శ్రీశైలమునకే కేటాయించినాడు. ఆ కాలపు యాత్ర కాలినడక. వెంకటాపురము నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగ కైలాసద్వారము చేరు అడవిత్రోవ నేటికిని ఉన్నది. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. ఉగాది పండుగకు కన్నడ దేశపు భక్తులు ఆ త్రోవను నేటికిని నడచియే వచ్చుచున్నారు.

మనలో పలువురము మాత్రము కార్లలో పోవుచున్నాము. అందు దోషము లేదు. నడువలేని తల్లిదండ్రులకు, చంటిబిడ్డలకు కారు ఉపకారమే. హైదరాబాదు నుండి కల్వకుర్తి, డిండి దాటి, హాజీపురము చౌరస్తా విడిచి, మన్ననూరు చెక్‌పోస్టు దాటినంతనే నల్లమల మొదలగును. ఫరహాబాదు, వటువర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట అను పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చుచుండును. ఇరుప్రక్కల వెదురుపొదలు, టేకుచెట్లు. వానలు వెలిసిన నెలలలో ఆ పచ్చదనము చూచినవాడు మాట మరచిపోవును. ఈగలపెంట దాటిన తరువాత దారి మెలికలు తిరుగుచు కృష్ణవద్దకు దిగి, మరల సున్నిపెంట వైపునకు ఎక్కును. దోర్నాల వైపునుండి వచ్చువారికిని ఇటువంటి మలుపులే.

ఇటువంటి దారిలో, సెల్‌ఫోనుకు సిగ్నలు అందని చోట, కారు ఆగిపోయినదనుకొనుడు. ముందు బోనెట్టు సందులనుండి ఆవిరి లేచుచున్నది. వెనుక పిల్లలు దాహమని ఏడ్చుచున్నారు. ప్రొద్దు వాలుచున్నది. రాత్రి 9 గంటల నుండి తెల్లవారి 6 గంటల వరకు ఆ అడవిదారిలో సాధారణముగ వాహనములను విడువరు. అప్పుడు మన నోట వచ్చు మొదటి మాట ఏది? మన భక్తి ఎంతటిదో ఆ మాటయే చెప్పును. గుడిలో గంట కొట్టునపుడు అందరమును భక్తులమే. బండి ఆగిన ఘడియలో ఎవరు ఎవరో తెలియును.

చాలమంది నోట వచ్చు మాట ఇది: “ఎవరి ముఖము చూచి బయలుదేరితిమో!” ఈ మాట వినుటకు చిన్నది. అది పోయి తగులు చోటు మాత్రము చిన్నది కాదు. కారులో ఒక విధవరాలు ఉన్నచో అందరి చూపులును ఆమె మీదనే వ్రాలును. కొత్తకోడలు ఉన్నచో ఆమె కాలు మంచిది కాదందురు. ఎవరును దొరకనిచో బయలుదేరునపుడు తుమ్మిన పిల్లవాడు దొరకును. మరికొందరు “మల్లన్న మనలను రానీయలేదు” అని స్వామి మీదనే నెపము వేయుదురు.

బంధువులారా, లింగధారులమైన మనము ఈ మాట అనవచ్చునా? ముహూర్తములకును శకునములకును లోబడి బ్రదుకుటను 12వ శతాబ్దమున బసవేశ్వరుడును ఆయనతోడి శరణులును త్రోసిపుచ్చినారు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను 5 సూతకములును లింగధారికి లేవని మన ధర్మము. చావు సూతకమునే లేదన్న ధర్మములో, భర్త చనిపోయిన స్త్రీ ముఖమునకు అశుభము ఎక్కడినుండి వచ్చినది? ఆమె మెడలో ఉన్నది ఇష్టలింగమే గదా! ఆమె ముఖము చూచి బయలుదేరితిమనగా లింగవంతురాలి ముఖము చూచి బయలుదేరితిమని అర్థము. అంతకంటె మంచి శకునము కావలెనా?

బండి ఆగుటకు కారణము బండిలోనే ఉండును. ఇంజను మండుచు పనిచేయును. ఆ వేడిని రేడియేటరులోని నీరు మోసికొనిపోయి గాలికి విడుచును. ఎక్కుడు దారిలో, నిండుగ మనుషులను సామానును మోయుచు, ఏసీ వేసికొని, చిన్న గేరులో నెమ్మదిగ పోవునపుడు వేడి ఎక్కువగును, తగులు గాలి తక్కువగును. ఆ సమయమున నీరు కారిపోయి యున్నను, రబ్బరు గొట్టము పగిలినను, ఫ్యాను తిరుగకున్నను ముల్లు ఎర్రగీత దాటును. నీరు తగ్గినదని బండి మనకు చెప్పుచున్నది. అందు కోపమును లేదు, శాపమును లేదు. ఆ మాట ముల్లు కదలినపుడే వినినవాడు అర్ధగంటలో బయటపడును. విననివాడు ఇంజనునే పోగొట్టుకొనును.

కొన్ని ఏండ్ల క్రిందట కార్తీకమాసమున నేను ఆర్టీసీ బస్సులో శ్రీశైలమునకు పోవుచుండగా, వటువర్లపల్లి దాటిన తరువాత ఒక కారు ఆవిరి క్రక్కుచు నిలిచియుండెను. కారు నడపిన కుర్రవానిని ఇంటిపెద్ద నోటికి వచ్చినట్లు తిట్టుచుండెను. బొట్టు లేని ఒక ముదుసలి దూరముగ కల్వర్టు గట్టు మీద ఒంటరిగ కూర్చుండి నేల చూచుచుండెను. ఏమి జరిగినదో ఎవరును చెప్పనక్కరలేదు. మా బస్సు డ్రైవరు దిగి కారు ముందు భాగమును ఒకసారి చూచెను. అక్కడ యాత్ర పేరు వ్రాసిన గుడ్డ బ్యానరు, దాని మీద బంతిపూల దండలు. గాలి పోవలసిన సందులన్నియు మూసుకొనిపోయినవి. “గాలి ఆడకుంటే బండి ఉడకదా?” అని అతడు ఆ గుడ్డను విప్పించెను. దానిని కట్టినది ఆ ఇంటిపెద్దయే. తరువాత డ్రైవరు నీళ్ల డబ్బా తెచ్చి, ఎవరి చేతికిని ఈయక, గట్టు మీది ముదుసలి చేతికి ఇచ్చెను. “పెద్దమ్మా, ఈ డబ్బా నీ దగ్గర ఉంచుకో. ఇంజను సల్లారినంక నువ్వే దగ్గరుండి పోయించు. దోమలపెంట చెక్‌పోస్టు కాడ ఇచ్చి పోండ్రి” అనెను. ఆమె లేచి, కొంగు సవరించుకొని, ఆ డబ్బాతో కారు వద్దకు నడచినది. ఆ డ్రైవరు ఏ ధర్మగ్రంథము చదివినాడో నేను ఎరుగను. శరణుడు చేయవలసిన పని మాత్రము చేసినాడు.

భక్తికి తోడు తెలివియు ఉండవలెను. కావున అట్టి సమయమున చేయవలసిన పనులను చెప్పుదును. పిల్లలకు కూడ చదివి వినిపింపుడు.

ముల్లు పైకి పోవుచున్నట్లు కనబడినంతనే ఏసీ ఆపవలెను. మలుపులో ఆగక, రెండు వైపుల నుండియు కనబడు చోట, ఎడమ అంచునకు, లోయకు దూరముగ నిలుపవలెను. ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, బండి జారు వైపున చక్రములకు రాళ్లు పెట్టవలెను. నాలుగు మూలల దీపములు వెలుగునట్లు చేసి, ఎర్ర త్రికోణపు గుర్తును దాదాపు 50 మీటర్ల వెనుక ఉంచవలెను. వెనుక మలుపు ఉన్నచో మలుపునకు ఆవల ఉంచవలెను. మనుషులు దిగి రోడ్డునకు ఎడముగ నిలువవలెను. బండి వెనుక ఎవరును నిలువరాదు.

వేడిగ ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు. నీరు సామాన్యముగ 100 డిగ్రీల వద్ద మరుగును. ఆ మూత లోపలి పీడనమును నిలిపి, 100 డిగ్రీలు దాటినను నీటిని మరుగనీయదు. మూత వదలినంతనే పీడనము పడిపోయి, ఆ నీరు ఆవిరియై ముఖము మీదికి ఎగయును. తొందరలో చూపు పోగొట్టుకొందుమా? కనీసము అర్ధగంట ఆగి, ముట్టుకొనగల వేడికి వచ్చిన తరువాత, మందపు గుడ్డ వేసి మెల్లగ త్రిప్పవలెను. చన్నీటిని ఒక్కసారి పోసినచో కాగిన ఇనుము పగులవచ్చును. కొద్దికొద్దిగ పోయవలెను. పోసిన నీరు పోసినట్లే కారిపోవుచున్నచో బండిని నడుపు ఆశ వదలుకొని సహాయమునకై వేచియుండవలెను.

దిగుడు దారిలో ఇంజను ఆపి, లేక గేరు తీసివేసి జారుటకు సాహసింపరాదు. ఇంజను ఆగినచో బ్రేకునకు అది ఇచ్చు బలము కొద్దిసేపటిలో పోవును, స్టీరింగు బిగిసిపోవును. ఎడతెగక నొక్కిన బ్రేకులు కాగి పట్టు విడుచును. చిన్న గేరులో దిగినపుడు ఇంజనే బండిని పట్టి నిలుపును.

సిగ్నలు ఉన్నచో 112కు గాని, జాతీయ రహదారి సహాయమునకు 1033కు గాని ఫోను చేయవచ్చును. లేనిచో వచ్చిన మొదటి బస్సు డ్రైవరుతో ముందున్న చెక్‌పోస్టునకు కబురు పంపవలెను. చీకటిపడినచో అడవిలోనికి నడువరాదు. అది పులులు, ఎలుగుబంట్లు తిరుగు అభయారణ్యము. చలికి మంట వేయరాదు, ఎండిన వెదురు అంటుకొన్నచో ఆర్పువారు ఉండరు. ఆ అడవి చెంచుల పుట్టినిల్లు. మల్లన్నను తమ అల్లునిగ తలచు వారి ముంగిట ప్లాస్టిక్కు పారవేయుట అతిథిధర్మము కాదు.

బండి కదలిన తరువాత ఒక పని మిగులును. చక్రము క్రింద పెట్టిన రాయిని తీసి దూరముగ పెట్టవలెను. తన బండి కదలగానే ఆ రాయిని నడిరోడ్డున వదలిపోవువారు ఎందరో! రాత్రివేళ మోటారు సైకిలు మీద వచ్చు ఎవని బిడ్డయో దానికి తగిలి పడును. దైవదర్శనమునకు పోవుచు మృత్యువును దారిలో పెట్టి పోవుట ఎట్టి యాత్ర?

ఇక దారిన పోవువారికి ఒక మాట. ఆగిన బండిని చూచి ముఖము త్రిప్పుకొని పోకుడు. ఈ కాలమున భయముండుట సహజమే. దిగుటకు భయమైనచో వేగము తగ్గించి, అద్దము దింపి, “ఏమైనా కావలెనా?” అని అడుగుడు. ఒక సీసా నీరు ఇండు, కబురు మోసికొనిపోండు. దాసోహమనగా పంక్తిలో అన్నము వడ్డించుట మాత్రమే కాదు. ప్రమాదము జరిగిన చోట గాయపడినవానిని కాపాడినచో పోలీసులు, కోర్టులు అని వెనుదీయువారు కలరు. సద్బుద్ధితో సహాయపడినవానిమీద కేసు రాకుండ 2019లో మోటారు వాహనముల చట్టమున 134ఎ సెక్షను చేర్చబడినది.

బాగుచేయ వచ్చిన మెకానిక్కును “ఏరా, ఓరీ” అని పిలువకుడు. పడవ నడపిన అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య మనకు పూజ్యులైనది తమ కాయకము వలననే. నూనె అంటిన చేతులతో బండి క్రింద దూరిన మనిషియు కాయకయోగియే. అడిగిన న్యాయమైన కూలిని గొణుగక ఇండు. ఆ వృత్తిలో ఉన్న మన బిడ్డలకు కూడ ఒక మాట: చిక్కుకొన్నవాని అవసరము చూచి ధర పెంచకుడు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు కావలసినదానికంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చినపుడు, లక్కమ్మ వాటిని తిరిగి పోసి రమ్మన్నది. అడవిలో ఆగిన కుటుంబమునొద్ద మితిమీరి తీసికొన్న రూపాయి ఆ ఎక్కువ బియ్యమువంటిదే.

వేచియుండవలసిన ఆ అర్ధగంటలో ఏమి చేయవలెను? కోపమును పెంచవద్దు. బండి నడపిన బిడ్డకు మొదట మంచినీరు ఇండు. అందరికంటె ఎక్కువగ వణకుచున్నది వాడే. తెచ్చిన రొట్టెలు విప్పి, పెద్దలకును పిల్లలకును పంచుడు. తరువాత చెట్టునీడన, రోడ్డునకు ఎడముగ కూర్చుండి, మెడలోని లింగమును కరస్థలమున పెట్టుకొనుడు. మన దేవుడు కొండకు పోయిననే దొరకువాడు కాడు. మన వెంటనే బయలుదేరి, మన వెంటనే ఆగి, మన అరచేతిలో కూర్చుండినాడు. మల్లన్న దర్శనము రేపు కావచ్చును. నేటి పూజకు ఆటంకము ఎక్కడిది?

కావున ఈ యేడు యాత్రకు బయలుదేరు కుటుంబములు ముందురోజుననే రేడియేటరు నీరు, టైర్లు, స్టెప్నీ, బ్రేకులు చూపించుకొనుడు. 5 లీటర్ల నీరు, టార్చిలైటు, త్రాడు, ఎర్ర త్రికోణము బండిలో పెట్టుకొనుడు. కట్టవలసిన బ్యానరు వెనుక అద్దమునకు అడ్డురాని చోట కట్టుడు. అన్నింటికంటె ముఖ్యముగ, బయలుదేరునపుడు ఇంటిలోని విధవరాలైన తల్లినో, మేనత్తనో, అక్కనో వాకిటికి పిలిచి, ఆమెను ఎదురు రమ్మనుడు. ఆమె చేతి విభూతి నొసట ధరించి బండి ఎక్కుడు. దారిలో బండి ఆగినను ఆగకున్నను, ఆ యాత్ర అక్కడనే మల్లన్న మెట్టు ఎక్కినట్లు.

శరణు శరణార్థి.