మా నాయినకు బోర్డు అక్కర లేకుండె

తమ్ముడు నన్ను అడిగింది నాలుగు ముక్కలే. "అన్నా, నువ్వు సారువు గదా. మా డప్పు టీము పేజీకి జర రాసియ్యి. మేమెవరం, ఏం చేస్తం, ఎట్ల పిలవాలె, గంతే." ఇన్‌స్టాగ్రామ్‌ల పరిచయానికి 150 అక్షరాల కన్న ఎక్కువ పట్టవట. పదో తరగతి పిల్లలతోని పేజీలకు పేజీలు వ్యాసాలు రాయించేటోన్ని, 150 అక్షరాలు రాయలేక మూడు రాత్రులు కూసున్న. "మేమెవరం" అన్న కాడనే పెన్ను ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలె.

మా నాయినకు బోర్డు అక్కర లేకుండె. నంబరు అక్కర లేకుండె. కులమే ఆయన బోర్డు. వూర్ల ఎవరింట్ల చావయినా జీతగాడు వచ్చి మాదిగవాడ మొదట్ల నిలబడి, మా నాయిన పేరు చివర 'గా' తగిలించి వొక్క కేకేస్తే చాలు. జరంతోని మూలుగుతున్నా సరే లేచి, డప్పు భుజానికేసుకొని, చిర్ర, చిటికెన పుల్ల చేతబట్టుకొని పోవాలె. బోనాలకు అంతే, పీర్ల పండుగకు అంతే, పంచాయతీ చాటింపుకు అంతే. 'నేను రాను' అనే మాట వూరికీ ఆయనకూ నడుమ వున్న భాషల లేనే లేదు. బదులుగ కళ్లం కాడ మేర కింద ఇన్ని గింజలు, చావు కాడ ఇంత కల్లు, వొక పాత పంచె. ఎన్ని గింజలన్నది కొలిచే చేతి ఇష్టం.

నాకు ఆరేడేండ్లప్పుడు నా పని వరిగడ్డి మంట పెట్టుడు. తోలు కాగకపోతే డప్పు మోగదు. మంట ఎక్కువైతే తోలు పగులుతది, తక్కువైతే చప్పుడు సచ్చిపోతది. ఆ లెక్క నాకు ఎక్కాల కన్న ముందు వచ్చింది. పీనుగ మీద చల్లిన చిల్లర ఏరుకునేది కూడ మేమే. వొకసారి అట్ల వంగి ఏరుకుంటుంటే, తాత పీనుగ వెంట నడుస్తున్న నా తరగతి పిలగాడు నన్ను చూసిండు. తెల్లారి బడిల వాడు ఏమన్నా అంటడని పొద్దంత ఎదురు చూసిన. ఏమీ అనలేదు. వాడు అననిదే నాకు ఇంకా గుర్తుంది.

1994 జులైల ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగ దండోరా పుట్టింది. ఆ చప్పుడు మా వూరికి రావడానికి ఇంకా రెండు మూడేండ్లు పట్టింది. వచ్చినంక వాడంత కూసోని వొక మాట అనుకున్నరు: ఇగ కేకేస్తే పోయేది లేదు, చావుకు కొట్టేది లేదు. వూరు కూలికి పిలవడం బంద్ జేసింది. కిరాణం దుకాణంల ఉద్దెర బందయింది. ఆ ఎండకాలం మా అవ్వ పక్క వూరికి నడిచి పోయి కూలి చేసొచ్చింది. నాయిన డప్పును దూలానికి తగిలించిండు. ఏండ్లకేండ్లు అక్కడ్నే వుండి తోలును ఎలుకలు కొరికినయి. మా ఇంట్ల ఎవరం దాన్ని బాగు చేయాలనుకోలేదు.

ఆ డప్పు చట్రాన్ని 2019ల తమ్ముడు కిందికి దించిండు.

వాడు డిగ్రీ నడుమల ఆపేసి ఆటో తోలుతున్నడు. వాడకట్టు పిలగాండ్లు ఎనిమిది మందిని కూడగట్టిండు. నాయిన చట్రాన్ని నమూనా పెట్టుకున్నడు గాని డప్పులు కొత్తవే, ఫైబర్ తోలువి. వానకు, మంచుకు వొదులు కావు. మంట పెట్టే పిలగాని పనే లేదు. 2020 జూన్‌ల టిక్‌టాక్ బందయి, జులైల ఇన్‌స్టాగ్రామ్‌ల రీల్స్ మొదలయినయి. కరోనాకు లగ్గాలు లేవు, ఆటో నడవదు. చెరువు కట్ట మీద కొట్టుకుంట వీడియోలు పెట్టిండు. పని లేని కాలంలనే పని అడుక్కునే విద్య నేర్చుకున్నడు.

అది నిజంగ విద్యనే. చిన్నచూపు చూడొద్దు. వీడియో మీద సినిమా పాట అంటించొద్దంటడు. పిలిచేటోనికి వినబడాల్సింది మన చప్పుడు గాని సినిమా వాళ్లది కాదు; యూట్యూబ్‌ల అయితే పాట హక్కుదారుడు వచ్చి పడతడు కూడ. మొదటి మూడు సెకన్లల దెబ్బ పడాలె, లేకుంటే చూసేటోని వేలు పైకి జరుగుతది. వూరి పేరు, మండలం పేరు తప్పకుండ పెట్టాలె, ఎందుకంటే లగ్గపోళ్లు వెతికేది 'మా దగ్గర డప్పు' అని. బరాత్ అయిన రాత్రే, పెండ్లోళ్లను అడిగి, నిమిషం వీడియో పెట్టాలె. గూగుల్ మ్యాపుల టీము పేరు ఎక్కించాలె, దానికి పైసలు లేవు. ఫోన్‌ల రేటు ముందు చెప్పాలె: ఎంతమందిమి, ఎన్ని గంటలు, బండి కిరాయి వేరే, సగం అడ్వాన్సు. మూఢాల్లో, శూన్యమాసంల లగ్గాలుండవు గనుక అప్పుడు దుకాణం ఓపెనింగులకు, కాలేజీ ఫంక్షన్లకు మెసేజీలు పెట్టాలె. 2024ల హైదరాబాద్ పోలీసులు మతపరమైన వూరేగింపుల్ల డీజేలను నిషేధించినప్పుడు వాడు ఆ వార్తను స్టేటస్ పెట్టి కింద తన నంబరు రాసిండు. నాకు నవ్వొచ్చింది. మా నాయినకు నిలబడే చోటు కూడ వూరే చూపించేది. వీడు సందు చూసి తానే నిలబడుతున్నడు.

అయితే ఇది స్వేచ్ఛనేనా?

ఉద్యమంల పండిపోయిన వొక పెద్దాయన నన్ను నిలదీసిండు. "మీ నాయిన తరం బువ్వ మానుకొని విడిచిపెట్టిన డప్పును మీ తమ్ముడు మళ్ల భుజానికేసుకున్నడు. అప్పుడు వొక్క వూరి ముందల ఆడినం. ఇప్పుడు లోకం ముందల నవ్వుకుంట ఆడుతున్నం. తేడా ఏంది?" నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ నవ్వు నాకూ ముల్లులెక్కనే గుచ్చుకుంటది. తమ్ముడు పిలగాండ్లకు చెప్తడు: "కెమెరా మొఖం మీదికొస్తే నవ్వాలెరా." మా నాయిన మొఖం ఎవరూ చూసేటోళ్లు కాదు. నవ్వమని కూడ ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. వొక ఫంక్షన్ హాలుల అందరూ తిన్నంక వెనుక షెడ్డుల తినమన్నరు వీళ్లను. తమ్ముడు వొప్పుకోలేదు. అందరితోపాటు బంతిల కూసున్నరు. తెల్లారి గూగుల్‌ల వాళ్ల పేరు కింద రెండే చుక్కలు పడ్డయి, 'ప్రవర్తన బాగలేదు' అని. తమ్ముడు దాని కింద ఏం రాసిండో తెలుసా? 'ధన్యవాదాలు సార్, ఇక ముందు సరిచేసుకుంటం.' నేను మండిపడ్డ. "ఏం సరిచేసుకుంటవురా? బంతిల కూసునుడా?" అన్న. వాడు నెమ్మదిగ చెప్పిండు: "అన్నా, నీ జీతం ఒకటో తారీఖు పడతది. నాకు ఆ చుక్కలు జూసే ఫోన్ వస్తది." కళ్లం కాడ గింజలు కొలిచిన చెయ్యే యాదికొచ్చింది నాకు. ఆ చెయ్యి పోలేదు, జాగ మారింది. కాని తర్వాత సీజను నుంచి బుకింగు మెసేజీల వాడు వొక లైను కలిపిండు: 'భోజనం అతిథులతో పాటే.' దానికి వొప్పుకున్నోళ్ల కాడికే పోతున్నడు. కొన్ని బుకింగులు తప్పినయి. నాతోని చెప్పుకోలేదు, ఆ మెసేజీ నేనే చూసిన.

అంబేద్కర్ 1928ల బొంబాయి శాసనమండలిల మహర్ వతన్ మీద బిల్లు పెట్టిండు. పుట్టిన కులం పేరు మీద వూరికీ సర్కారుకూ పగలు రాత్రి చాకిరి చేసే కట్టు అది. బదులుగ ఇంత భూమి, ఇన్ని గింజలు. భూమి వొస్తది గదా అని వతన్‌నే పట్టుకొని వేలాడిన మహర్లు కూడ వుండిరి. ఆయన కొట్టదలిచింది ఆ కట్టునే. 1936ల 'కుల నిర్మూలన' రాసినప్పుడు కూడ, పనిని ఎంచుకునే వీలు మనిషికి లేకుండ చేయడం కులం చేసే పెద్ద నేరాల్ల వొకటని వాదించిండు. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకొని చూస్తే నాకు తోచింది ఇది: డప్పు ముట్టుకున్నడా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న కాదు. 'రాను' అనగలుగుతున్నడా? అన్నంక బతకగలుగుతున్నడా? రెండోది మొదటిదాని కన్న కష్టం. 2022ల పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024ల ఆయన కూలి పని చేస్తున్నడని పత్రికలు రాసినయి. 2025ల మధురై పరై కళాకారుడు వేలు ఆసాన్‌కు పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. తమ్ముడు మాత్రం "బిరుదు గోడకు, బుకింగు కడుపుకు" అంటడు.

'రాను' అన్న మాట సంగతి 2023ల మా ఇంటికే వచ్చింది. వొక రాత్రి పది దాటినంక ఫోన్. అవతల హైదరాబాద్‌ల నౌకరి చేసే పిలగాడు. "బ్రో, మా తాత చనిపోయిండు. మీ రీల్ చూసిన. రేపు పొద్దున రావాలె, ఎంత తీసుకుంటరు?" తమ్ముడు 12,000 చెప్పిండు. బేరం లేదు. ఫోన్‌పేల 6,000 పడ్డయి. తర్వాత ఇంటి లొకేషన్ పంపిండు. చూస్తే మా వూరే. ఆ ఇల్లు, మా నాయినను ఎక్కువసార్లు కేకేసిన ఇల్లు. ఆ పిలగాడు పట్నంల పెరిగినోడు, మేమెవరమో వానికి తెల్వదు. పావుగంటకు వాళ్ల చిన్నాయిన ఫోన్ జేసిండు. గొంతు మారింది. "అరే, మీరా? మన వూరోళ్లే గదరా, రేటేంది? పొద్దుగాల మీ నాయినను గూడ తోలుకరా."

తెల్వనంత సేపు 'బ్రో', తెలిసినంక 'అరే'. తెల్వనంత సేపు 12,000, తెలిసినంక మేర.

తమ్ముడు మారు మాట్లాడలేదు. 6,000 తిరిగి ఆ పిలగానికే పంపి, 'రావడం కుదరదు' అని మెసేజీ పెట్టిండు. నాకు రొమ్ము వుప్పొంగింది. వాడంత కూసోని నెలలు పస్తులుండి అన్న మాట, వీడు బొటనవేలితోని అన్నడనుకున్న.

మా నాయిన మాత్రం వాకిట్ల మంచంల లేచి కూసున్నడు. "ఆరు వేలు వాపసిచ్చినవార?" అన్నడు ముందు. తర్వాత చాలసేపు వూకున్నడు. "ఆ ముసలోడు మంచోడు కాదు. నాకు తెలిసినంత మీకు తెల్వదు. గాని పీనుగ దరువు లేకుండ లేవద్దురా." పొద్దుగాల పీనుగ డీజే బండితోని పోయింది. నాయిన ఆ దిక్కు చూడకుండ కూసున్నడు, వేళ్లు మాత్రం మంచం పట్టె మీద కదులుతున్నయి. ఆయనకు ఆ పనిల వెట్టి వొక్కటే లేదు. సచ్చినోన్ని సాగనంపే విద్య వొకటున్నది, అది ఆయనది. పిలిచే తీరును చూసి మేము కోప్పడితిమి గాని, ఆయన చేతిల ఏమున్నదో నేనెప్పుడూ అడగలేదు. నేను తమ్మునిదే న్యాయమంట. అయినా ఆ వేళ్లు యాదికొస్తే నా న్యాయం కొంచెం కుంటుతది.

ఇగ నేను రాయాల్సిన 150 అక్షరాలు. మొదలు 'తరతరాల సంప్రదాయ కళ' అని రాసిన. చదువుకుంటే సిగ్గేసింది. తరతరాల వెట్టిని సంప్రదాయం అని పట్టుబట్ట కప్పినట్టు. కొట్టేసి 'మాదిగ డప్పు' అని రాసిన. అదీ కొట్టేసిన. కులం పేరు పెడితే ఫంక్షన్లు తప్పుతయని వొక ఈవెంట్ మేనేజరు తమ్మునికి ముందే చెప్పిండు. చివరికి 'జానపద కళాకారులం' అని పంపిన. వాడు ఫోన్ జేసి అడిగిండు: "రెడ్లు, చౌదరులు పేరు పక్కన కులం రాసుకొని వీడియోలు పెడుతున్నరు, వాళ్ల గిరాకీ తగ్గలేదు. మనది పెడితే ఎందుకు తగ్గాలె? నువ్వు స్టాఫ్ రూంల చెప్తవా అన్నా, మనమెవరమో?"

చెప్పలేదు. పదేండ్ల నౌకరిల ఎవరూ సూటిగ అడగలేదు, నేను చెప్పలేదు. రిజర్వేషను లిస్టుల వుంటది గదా, తెలిసే వుంటది అనుకుంట వచ్చిన. వొకసారి వార్షికోత్సవానికి పిల్లలకు డప్పు నేర్పమంటే నాకు రాదన్న. నా చేతులు నాతోని అబద్ధమాడినయి.

వాడు అడిగిన తెల్లారి మళ్ల రాసి పంపిన: 'మాదిగ డప్పు. ఎనిమిది మందిమి. పెండ్లి, పండుగ, వూరేగింపు. రేటు ముందే. భోజనం అతిథులతో.' వాడు యూట్యూబ్‌ల పెట్టిండు. ఇన్‌స్టాగ్రామ్‌ల మాత్రం మొదటి మాట తీసేసి పెట్టిండు. "మాఘమాసం లగ్గాలు అయినంక పెడదం అన్నా" అన్నడు. నేనేం అనలేదు. అనే మొఖం నాకు లేదు.

పోయిన నెల హెచ్చెం సారు స్టాఫ్ రూంల అడిగిండు, ఈసారి వార్షికోత్సవానికి మంచి డప్పు టీము ఎవరన్న తెలుసా అని. ఫోన్ తీసి యూట్యూబ్ పేజీ చూపించిన. రెండు వీడియోలు చూసిండు. పక్క సార్లు కూడ తొంగి చూసిన్రు. "మస్తు కొడుతున్నరు. మీకెట్ల తెలుసు సార్?"

"మా తమ్ముడు" అన్న.

ఆయన పేజీ మీద రాసింది ఇంకోసారి చదివిండు. ఫోన్ నా చేతికిచ్చి, "అయితే మనోళ్లే గదా, రేటు తగ్గిస్తరు" అన్నడు.

"రేటు ఆయననే అడగాలె సార్. నంబరు కింద వున్నది."