పాము మింగాక చెప్పే కథ

డిసెంబరులో లంబసింగి వెళ్లాం. రాత్రి చలికి బయటికి రాలేక, కుంపటి పక్కన వైకుంఠపాళి పరిచాం. మా అక్క కూతురి కాయ వైకుంఠం దాకా వెళ్లి పెద్దపాము నోట్లో పడింది. "ఏం పాపం చేశావే!" అని అందరూ నవ్వారు.

"నేనేం చేశాను పిన్నీ? పందెం అలా పడింది" అంది.

నిజమే. ఈ ఆటలో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. నడిపించేవి మాత్రం గవ్వలు. ఎంచుకునే వీలే లేనిచోట పాపమెక్కడిది?

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లోనూ పాచికలున్నాయి. కానీ తన పాత్ర ఏం చేయదలచుకుందో ఆడేమనిషి ముందు చెబుతుంది. సందేహమున్నచోటే పాచిక. ఆ తర్వాత వర్ణన. కథ నడిపేవాళ్లు పాచికను తోసేస్తే ఆట మిగలదు, అంకెలే మాట్లాడితే కథ మిగలదు.

పిల్లలు పుట్టకపోయినా, మొగుడు పోయినా, ఆడవాళ్ల విషయంలో పందెం పడ్డాకే కథ అల్లుతారు. వాళ్లనడక్కుండానే అల్లుతారు. నియమం అందరికీ ఒకటే కావచ్చు. పడినదాని కథ మాత్రం పడినామెదే కావాలి.

మళ్లీ ఆడాం. ఈసారి ఎందుకు పడ్డారో పడినవాళ్లే చెప్పాలి.

"జారాను, అంతే" అంది పిల్ల, గవ్వలు అందుకుంటూ.